ఆరో తరగతి పిల్లను ఎనిమిదో తరగతి లెక్కల పీరియడ్‌లో కూర్చోనివ్వండి: విద్యాశాఖాధికారులకు బహిరంగ లేఖ

హనుమకొండ, వరంగల్ జిల్లాల విద్యాశాఖాధికారులకు, మండల విద్యాధికారులకు, ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, మోడల్ స్కూళ్ల, గురుకులాల ప్రిన్సిపాళ్లకు, కస్తూర్బా విద్యాలయాల ప్రత్యేకాధికారులకు నమస్కారాలు.

వచ్చే విద్యా సంవత్సరం కోసం మీనుంచి ఒక పేజీ ఉత్తర్వు కావాలని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాం. ఒక విద్యార్థి ఏదైనా ఒక సబ్జెక్టులో తన తరగతి కన్నా రెండు మూడేళ్లు ముందున్నట్టు తేలితే, ఆ ఒక్క పీరియడ్‌కు పై తరగతిలో కూర్చోబెట్టే అధికారం ప్రధానోపాధ్యాయుడికి ఉందని, తనిఖీల్లో దానికి అభ్యంతరం చెప్పబోమని ఆ పేజీలో ఉంటే చాలు. కొత్త బడి, కొత్త పోస్టు, కొత్త పరీక్ష ఏవీ అడగడం లేదు. కొంచెం ఖర్చు మాత్రం ఉంది, దాని లెక్క కింద ఇస్తున్నాం.

చదువులో వెనకబడిన పిల్లల కోసం 2022 ఆగస్టు నుంచి ప్రాథమిక బడుల్లో తొలిమెట్టు నడుస్తోంది, పై తరగతులకు ఉన్నతి ఉంది. అవి ఉండాల్సిందే. రెండో కొసన ఉన్న పిల్లలకు మాత్రం మన దగ్గర ఉన్నవన్నీ పోటీలే. 8వ తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ ఉపకారవేతన పరీక్ష రాసి గెలిస్తే 9 నుంచి 12 దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. పిల్లల సైన్సు ఆలోచనల పోటీ ఇన్‌స్పైర్ మనక్‌లో ఎంపికైతే 10,000 రూపాయలతో ఒక నమూనా చేయవచ్చు. జాతీయ ప్రతిభాన్వేషణ పరీక్ష 2021 తర్వాత ఆగిపోయింది. ఈ పోటీలు పిల్లకు డబ్బిస్తాయి, పేరిస్తాయి. మంగళవారం 11 గంటలకు ఎప్పుడో వచ్చేసిన భిన్నాల కూడికను మళ్లీ చేస్తూ కూర్చున్న పిల్ల పీరియడ్‌ను ఏ పోటీ మార్చదు.

ప్రతిభ ఉన్న పల్లె పిల్లలకు ప్రత్యేక బడి అనే ఆలోచన మన ప్రాంతానిదే. నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1971లో సర్వేల్ గురుకులం తెరిచారు. ఆయన కేంద్రంలో మానవ వనరుల మంత్రిగా ఉండగా నవోదయలు ఊపందుకున్నాయి, మామునూరులో మనకూ ఒకటి ఉంది. వాటి మేలు కాదనేవాళ్లం కాదు. కానీ ఒక నవోదయలో 6వ తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. అయిదో తరగతిలో ఒక్క రోజు రాసే పరీక్షతోనే అన్నీ తేలిపోతాయి. సీటు వచ్చిన పిల్ల కూడా అక్కడ 6వ తరగతి లెక్కలే అందరితో పాటు అదే వేగంతో చదవాలి. బడి మారినా పీరియడ్ మారదు.

ఇంకో ప్రత్యేక బడి ఎందుకు పనికిరాదో లెక్క వేసి చూద్దాం. తెలివి పరీక్షల స్కోర్లు సాధారణ వితరణలో (సగటు 100 చుట్టూ ఎక్కువమంది, అంచుల్లో కొద్దిమంది) ఉంటాయన్న అంచనా ప్రకారం 130 దాటేవాళ్లు వెయ్యిమందిలో 23 మంది దాకా ఉంటారు. 145 దాటేవాళ్లు సుమారు 740 మందిలో ఒకరు. స్కోరు ఒక్కటే మనిషి కాదు, కానీ ప్రణాళికకు ఆ అంకె పనికొస్తుంది. అన్ని బడుల్లో కలిపి 4,000 మంది పిల్లలున్న మండలంలో రెండో రకం పిల్లలు అయిదుగురు ఉంటారనుకోండి. ఒకరు మూడో తరగతి, ఇద్దరు ఆరో తరగతి, ఒకరు తండాలో, మరొకరు మండల కేంద్రంలో. వీళ్లతో ఒక సెక్షన్ కట్టలేం. పుణేలో 1962 నుంచి పనిచేస్తున్న జ్ఞాన ప్రబోధినిలా ప్రత్యేకంగా ఒక బడి నింపాలంటే మహానగరమంత జనం కావాలి. పరకాలకో రాయపర్తికో అది సాధ్యం కాదు. వెయ్యికి 23 మందిగా ఉన్న మొదటి రకం పిల్లలకు సొంత తరగతి గదిలోనే సర్దుబాటు సరిపోతుంది. ఆ అయిదుగురికి మాత్రం గది దాటే వీలుండాలి. రెండింటికీ టైంటేబుల్లో చోటు చేయాలి.

ముందు ఎవరో తెలియాలి. ఉపాధ్యాయులను పేర్లడిగితే చేతిరాత బాగున్న, హోంవర్కు తప్పని, చెప్పిన మాట వినే పిల్లల జాబితా వస్తుంది. వాళ్లు మంచి విద్యార్థులు, కానీ మనం వెతుకుతున్నది ఎక్కువసార్లు వేరేవాళ్లను. స్టాఫ్‌రూంలో ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి. మీరు చెప్పని పద్ధతిలో సరైన జవాబు తెచ్చేది ఎవరు? బోర్డు మీద మీ తప్పు పట్టేది ఎవరు? పని ముందే ముగించి పక్కవాళ్లను సతాయించేది ఎవరు? ఆ తర్వాత పిల్లలనే అడగండి, పొడుపులెక్క రాకపోతే ఎవరి దగ్గరికి పోతారని. పిల్లల జవాబు తరచూ మన జాబితాలో లేని పేరు అవుతుంది, అదీ చాలాసార్లు వెనక బెంచీ పేరు. ఆడపిల్లలు ఏడో తరగతి వచ్చేసరికి తెలిసినా చెయ్యెత్తడం మానేస్తారు కాబట్టి వాళ్ల నోటుబుక్కు చివరి పేజీలు చూడడం మేలు.

ఎఫ్‌ఏలో (బడిలో మధ్యమధ్య పెట్టే చిన్న పరీక్షలో) 20కి 20 తెచ్చుకున్న ఇద్దరు పిల్లలు ఒకే చోట ఉన్నారని అనుకోకండి. ఒకరు ఆరో తరగతి అంచున ఉండొచ్చు, ఇంకొకరు తొమ్మిదో తరగతిలో ఉండొచ్చు. సొంత తరగతి పేపరుకు అంతకు మించి కొలిచే శక్తి లేదు. అందుకే పై తరగతి పేపరు ఇవ్వాలి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జూలియన్ స్టాన్లీ 1971లో గణిత ప్రతిభ అధ్యయనం మొదలుపెట్టి, కాలేజీ ప్రవేశానికి రాసే పరీక్షను పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు ఇచ్చారు. మనకు అంత దూరం అక్కర్లేదు. రెండు తరగతుల పైనున్న గత ఏటి ఎస్‌ఏ-1 (అర్ధ సంవత్సర పరీక్ష) గణితం పేపరు ప్రతి బడి బీరువాలో ఉంటుంది.

పేపరు ఇచ్చే పద్ధతిలో జాగ్రత్త కావాలి. అలవాటు లేని గుర్తులు చూసి పిల్ల ఆగిపోతే అది తెలివి తక్కువై కాదు, ఆ గుర్తు ఎవరూ చెప్పకపోవడం వల్ల. కాబట్టి పరీక్షకు రెండు వారాల ముందు ఆ తరగతి పాఠ్యపుస్తకం చేతికివ్వండి, ఏ అధ్యాయాలో చెప్పండి, ఇంకేం చెప్పకండి. మన పుస్తకాల్లో తెలుగు, ఇంగ్లిషు ఎదురెదురు పేజీల్లో ఉండడం ఇక్కడ కలిసొస్తుంది. పరీక్షకు సమయం కట్టకండి, రెండు రోజులు కూర్చోబెట్టండి. చేతిరాత నత్తనడక అయితే నోటితో చెప్పించి మీరు రాయండి. రెండు తరగతుల పై పేపరులో నూటికి 50కి తక్కువ వస్తే పిల్ల తన గదిలోనే ఉండాలి, అక్కడ పాఠం కుదించాలి, అంటే వచ్చినది వదిలేసి రానిదే నేర్పాలి. 50 నుంచి 80 మధ్య వస్తే ఆ పై తరగతి సరైన చోటు, ఎందుకంటే అక్కడ సగం తెలుసు, సగం నేర్చుకోవాలి. 80 దాటితే ఆ గదిలో కూర్చున్నా మళ్లీ ఖాళీయే, ఇంకో తరగతి పై పేపరు ఇచ్చి చూడండి. ఈ అంకెలు మొదలుపెట్టడానికే, శిలాశాసనాలు కావు.

ఏటూరునాగారం, తాడ్వాయి వైపు కోయ మాట్లాడే పిల్లలకు, మహబూబాబాద్ తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలకు, వరంగల్ నగరంలో ఉర్దూ ఇంటి పిల్లలకు మాటల్లో ఉన్న పరీక్ష భాషనే కొలుస్తుంది. వాళ్లకు బొమ్మల వరుసలతో చేసే పరీక్షలున్నాయి, 1938 నుంచి వాడుకలో ఉన్న రేవెన్ మాట్రిసెస్ వాటిలో ఒకటి. శిక్షణ పొందిన మనస్తత్వ నిపుణులే దాన్ని ఇవ్వాలి. దయచేసి జిరాక్సు తీసి పంచకండి. ఆ కాగితం ఒక్కసారి కోచింగ్ సెంటరుకు చేరితే ఆ పరీక్ష ఇక ఎవరికీ పనికిరాదు. చదవడంలో ఇబ్బంది ఉండి లెక్కల్లో చురుకైన పిల్లలు కూడా ఉంటారు. రెండూ ఒకదాన్నొకటి కప్పేసి, పిల్ల మామూలుగా కనిపిస్తుంది. ప్రత్యేక అవసరాల పిల్లల కోసం మండలంలో ఉన్న భవిత కేంద్రం, అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులు (ఐఈఆర్‌పీ) ఇప్పటిదాకా ఇబ్బంది ఒక్కటే చూస్తున్నారు. నోటి లెక్కలు కూడా అడిగి చూడమని వాళ్లకు ఒక మాట చెబితే చాలు.

ఇక గదిలో సర్దుబాటు. 7వ తరగతిలో ఒక యూనిట్‌కు 12 పీరియడ్లు పెట్టుకున్నారనుకుందాం. మొదలుపెట్టే ముందు రోజు 10 ప్రశ్నలు, ఒక్కో అభ్యసన ఫలితానికి ఒకటి చొప్పున ఇవ్వండి. 8 వచ్చినవాళ్లకు ఆ రాని రెండు ఫలితాలు నేర్పే మూడు పీరియడ్లు మాత్రం తప్పనిసరి. మిగిలిన తొమ్మిది వాళ్లవి. అసలు చిక్కు ఈ తొమ్మిదితోనే. సాధారణంగా జరిగేది ఏమిటంటే, అవే లెక్కలు ఇంకో ఇరవై ఇస్తారు. లేదంటే వెనకబడ్డ పిల్లలకు నేర్పమంటారు. అదీ కాకపోతే మధ్యాహ్న భోజనం రిజిస్టరు పట్టుకెళ్లమంటారు. మొదటిది శిక్ష. రెండోది అప్పుడప్పుడు మంచిదే, రోజూ అయితే పిల్లను జీతం లేని విద్యా వాలంటీరును చేసినట్టు. మూడోదాని గురించి చెప్పేదేముంది.

ఆ తొమ్మిది పీరియడ్లకు ఒక కాగితం ముందే సిద్ధం కావాలి. అందులో ఒక పెద్ద సమస్య, అది ఎక్కడ మొదలుపెట్టాలో రెండు మాటలు, వారానికి ఒకసారి ఉపాధ్యాయుడితో పది నిమిషాలు ఉంటే చాలు. హోమీ భాభా కేంద్రం నిర్వహించే గణిత ఒలింపియాడ్ల పాత ప్రశ్నల్లో ఏడో తరగతి పిల్ల రెండు వారాలు కొరుక్కుతినే ప్రశ్నలు బోలెడున్నాయి. పిల్ల మొదటిసారి చిక్కుకుని ఏడిస్తే కంగారు పడకండి. ఏడేళ్లుగా అన్నీ అలవోకగా వచ్చిన పిల్లకు ఓడిపోవడం తెలియదు. అది పన్నెండేళ్లప్పుడు తెలిస్తే మంచిది. ఇంటర్‌లో మొదటిసారి తెలిస్తే ఏమవుతుందో మనందరికీ తెలుసు.

గది దాటే పిల్లల విషయంలో ఎక్కువమంది ప్రధానోపాధ్యాయులు చెప్పే అభ్యంతరం టైంటేబుల్ కుదరదని. ఇద్దరు గణిత ఉపాధ్యాయులున్న ఉన్నత పాఠశాలలో కుదురుతుంది. ఒకరికి 6, 7, 10 తరగతులు, రెండో వారికి 8, 9 ఇవ్వండి. 6వ తరగతి లెక్కలు ఏ పీరియడ్‌లో ఉంటే 8వ తరగతి లెక్కలు సరిగ్గా అదే పీరియడ్‌లో పెట్టండి. 7, 9 తరగతులను మరో పీరియడ్‌లో అలాగే జత కట్టండి. అప్పుడు ఆరో తరగతి పిల్ల లేచి ఎనిమిదో తరగతికి వెళ్లి పీరియడ్ అయ్యాక తిరిగొస్తుంది. తెలుగు పోదు, ఆటలు పోవు. రెండో ఉపాధ్యాయుడికి ఒక తరగతి తక్కువ పడుతుంది కాబట్టి, కింద చెప్పే శనివారం తరగతుల బాధ్యత ఆయనకు ఇచ్చి భారం సమం చేయవచ్చు. ఒకే తరగతి ముందున్న పిల్లను ఈ అమరికలో కదపలేం, ఎందుకంటే 6, 7 తరగతులు ఒకే ఉపాధ్యాయుడివి. ఆ పిల్లకు పాఠం కుదిస్తే సరిపోతుంది, కదపాల్సిన పని లేదు.

ఈ అమరిక పగిలేది ఎనిమిది నుంచి పదికి వెళ్లాల్సిన పిల్ల దగ్గర. పదో తరగతి లెక్కలు ఒంటరిగా ఉంటాయి, అప్పుడు ఎనిమిదో తరగతిలో ఇంకేదో సబ్జెక్టు నడుస్తుంటుంది. అలాంటప్పుడు పిల్ల తన లెక్కల పీరియడ్‌లో లైబ్రరీలో పదో తరగతి పుస్తకం సొంతంగా చేసుకుని, పదో తరగతికి చెప్పే ఉపాధ్యాయుడి ఖాళీ పీరియడ్‌లో వారానికి రెండుసార్లు చూపించుకోవాలి. ఆటల పీరియడ్‌ను మాత్రం దీనికి తాకట్టు పెట్టకండి. ముందున్న పిల్లలకు తమ ఈడువాళ్లతో సమానంగా ఉండే గంట అదొక్కటే.

ప్రాథమిక బడుల్లో పని తేలిక. ఒకే ఉపాధ్యాయుడు రెండు మూడు తరగతులను కలిపి కూర్చోబెట్టే చోట మూడో తరగతి పిల్ల అయిదో తరగతి గుంపుతో లెక్కలు చేయడానికి ఏ కాగితమూ అక్కర్లేదు, చాప జరుపుకుంటే చాలు. అయిదో తరగతి పిల్లకు ఏడో తరగతి లెక్కలు కావాలంటే ఉన్నత పాఠశాల అదే ఆవరణలో ఉంటేనే రోజూ పంపండి. రోడ్డు దాటాల్సి వస్తే, వారానికి ఒక పూట పెద్దలెవరైనా తోడు వెళ్లేలా చూడాలి.

ఇదంతా ముందు లెక్కలకే ఎందుకంటే, లెక్కల్లో ఒక మెట్టు మీద ఇంకో మెట్టు ఉంటుంది, ఎక్కడున్నారో కొలవవచ్చు. సైన్సులో ప్రయోగశాల, పదజాలం అడ్డొస్తాయి, అక్కడ శనివారం పని మేలు. తెలుగులో గది మారాల్సిన అవసరం దాదాపు ఉండదు, పుస్తకాలు ఇస్తే చాలు. సాంఘికశాస్త్రంలో పై తరగతికి పంపడం వల్ల ఒరిగేదేమీ లేదు.

రికార్డుల సంగతి. పిల్ల అడ్మిషన్ రిజిస్టరులో, హాజరు పట్టీలో, బడుల వివరాలు ఎక్కించే యూడైస్ ప్లస్ పోర్టల్‌లో ఆరో తరగతే. ఒక్క పీరియడ్ వేరే గదిలో కూర్చున్నంత మాత్రాన వీటిలో ఏదీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నాలుగేళ్ల తర్వాత పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవారి జాబితా) దగ్గర చిక్కు వస్తుంది. మార్కుల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఆరో తరగతి పిల్ల ఎనిమిదో తరగతి పేపరు రాసి 62 తెచ్చుకుంటే, నిన్నటిదాకా ఫస్టు వచ్చిన పిల్లకు ర్యాంకు పోతుంది. మర్నాడే తల్లిదండ్రులు వచ్చి మా పిల్లను వెనక్కి పంపండి అంటారు. ఈ ప్రయత్నాన్ని ఆపేసేది ఎక్కువగా ఈ 62 మార్కులే. కాబట్టి ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలు పిల్ల తన సొంత తరగతివే రాయాలి, ప్రోగ్రెస్ కార్డులో అవే మార్కులు పడాలి. ఎనిమిదో తరగతి పేపరు దిద్ది ఇవ్వండి, కానీ ఎక్కడా ఎక్కించకండి.

ఏకంగా ఒక తరగతి దాటించడం వేరే సంగతి, అరుదుగా చేయాల్సింది. అన్ని సబ్జెక్టుల్లో ముందుండాలి, పిల్లకు ఇష్టం ఉండాలి, చేర్చుకునే ఉపాధ్యాయుడికి సమ్మతి ఉండాలి. ఆ పై తరగతిలో అక్కో అన్నో ఉంటే మాత్రం వద్దు, ఇంట్లో అది ఏళ్ల తరబడి పుండవుతుంది. జూన్‌లో మొదలుపెట్టి ఆరు వారాలు చూసి, కుదరకపోతే వెనక్కి రావచ్చని మొదటే అందరికీ చెప్పాలి. ఆ ఆరు వారాలయ్యాకే రిజిస్టరు, యూడైస్ ప్లస్ రెండింట్లో ఒకే రోజు మార్చాలి. వయసు లెక్క తల్లిదండ్రుల ముందే వేసి చూపండి. పదో తరగతి పరీక్షకు ఆగస్టు 31 నాటికి 14 ఏళ్లు నిండాలి, తక్కువైతే వయసు సడలింపు తెచ్చుకోవాలి. ఎప్‌సెట్ ఇంజినీరింగ్‌కు డిసెంబరు 31 నాటికి 16, నీట్‌కు 17 నిండాలి. డాక్టరు కావాలనుకునే పిల్లకు రెండు తరగతులు దాటిస్తే చివర్లో ఏడాదో రెండేళ్లో ఇంట్లో కూర్చోబెట్టినట్టే. ఒకే సబ్జెక్టులో ముందుకు పంపితే ఈ గొడవ ఏదీ ఉండదు, అందుకే మా ఓటు దానికే.

ఆరో తరగతిలో ఎనిమిదో తరగతి లెక్కలు మొదలుపెట్టిన పిల్ల, ఎనిమిదో తరగతి చివరికి పది పూర్తి చేస్తుంది. తొమ్మిదిలో ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు లేకుండా మొదలుపెడితే పిల్లను నడిదారిలో వదిలేసినట్టే. అందువల్ల మొదటి ఏడాది మోడల్ స్కూళ్లలో, ఇంటర్ దాకా ఉన్న కస్తూర్బాల్లో, గురుకులాల్లో మొదలుపెట్టడం తెలివైన పని. 6 నుంచి ఇంటర్ దాకా ఒకే ఆవరణ, ఇంటర్ గణితం చెప్పే అధ్యాపకులు అక్కడే ఉంటారు. తొమ్మిదో తరగతి పిల్ల ఇంటర్ మొదటి ఏడాది గణితం 1ఏ తరగతిలో కూర్చోవడానికి గోడ దాటనక్కర్లేదు. గురుకులంలో సాయంత్రపు స్టడీ అవర్ కూడా చేతిలో ఉంది. జిల్లా పరిషత్ బడులకు రెండో ఏడాది, దగ్గర్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీ ఉన్నచోట, విస్తరించండి.

శనివారం తరగతులు స్కూల్ కాంప్లెక్స్ స్థాయిలో, అంటే దగ్గర్లోని బడులన్నీ కలిసిన గుంపుకు ఒకచోట జరగాలి. రెండో శనివారం సెలవు కాబట్టి ఒకటో, మూడో శనివారాలు, మధ్యాహ్నం మూడు గంటలు. ఎనిమిది పది బడుల నుంచి 12 మంది, 5 నుంచి 9 తరగతుల వాళ్లు కలిసి కూర్చోవాలి. ఒంటరిగా ఉన్న పిల్లకు తనలాంటివాళ్లు ఇంకా ఉన్నారని తెలిసే చోటు అదే. దాని విలువ పాఠం కన్నా తక్కువ కాదు. ఏడాదికి 20 శనివారాలకు లెక్క వేస్తే, చిరుతిండి తలకు 25 చొప్పున 6,000, ఆరుగురు మగపిల్లల బస్సుకు రోజుకు తలా 60 చొప్పున 7,200, సామగ్రి 10,000, వచ్చి చెప్పేవారికి రోజుకు 500 చొప్పున 10,000. మొత్తం 33,200 రూపాయలు. 2023 డిసెంబరు నుంచి మహాలక్ష్మి వల్ల ఆడపిల్లలకు, తోడొచ్చే టీచరమ్మకు పల్లెవెలుగులో టికెట్ లేదు. ఎన్‌ఐటీలో, కాకతీయ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థులకు కొదవ లేదు. వచ్చేవారికి ముందే ఒక మాట చెప్పాలి, ఇది ఐఐటీ ఫౌండేషన్ క్లాసు కాదని.

చెప్పేదానికి మన చుట్టూనే సామగ్రి ఉంది. పాలంపేట రామప్ప గుడి శిఖరానికి వాడిన తేలే ఇటుకలనే తీసుకోండి. పిల్లలు బంకమట్టిలో ఊక కలిపి చిన్న ఇటుకలు చేయాలి. ఘనపరిమాణంలో ఊక 0, 10, 20, 30, 40 శాతం చొప్పున, ఒక్కో రకం మూడేసి, మొత్తం 15. నీడన వారం పైన ఆరనివ్వాలి, ఎండలో పెడితే పగుళ్లు వస్తాయి. ఊళ్లో కుమ్మరి ఆవం ఉంటే అందులో కాల్పించాలి, మామూలు పొయ్యి వేడికి లోపలి ఊక పూర్తిగా కాలక మధ్యలో నల్లగా ఉండిపోతుంది. తూకం వేశాక ఘనపరిమాణం కోసం నీళ్లలో ముంచుతారు, అక్కడే లెక్క తప్పుతుంది. కాలిపోయిన ఊక వదిలిన రంధ్రాల్లోకి నీళ్లు చొరబడి, పక్కకు తొలగిన నీళ్లు తక్కువగా కనిపిస్తాయి, సాంద్రత ఉన్నదాని కన్నా ఎక్కువ వస్తుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో చెప్పకండి. మూడు వారాలు పట్టినా పట్టనివ్వండి. ఇటుకకు పల్చగా మైనం పూసి ముంచాలన్న ఆలోచన వాళ్లకే వస్తుంది. మైనం బరువు తీసేయాలా వద్దా అని ఆ తర్వాత కొట్లాడుకుంటారు. అయిదో తరగతి పిల్ల తూకంతో, తొమ్మిదో తరగతి పిల్ల దోషాల గణనతో ఒకే బల్ల దగ్గర పనిచేయగలిగే పని ఇలాంటిది. ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరల్లో కనిష్ఠం, గరిష్ఠం పక్కన సగటు కాకుండా మోడల్ ధర (ఎక్కువ సరుకు పలికిన ధర) ఎందుకు రాస్తారన్నది ఇంకో నెల రోజుల పని. వరంగల్ దర్రీల మీది నమూనాల్లో సౌష్ఠవం వెతకడం, పాకాల చెరువు మత్తడి మీద నీటి ప్రవాహం కొలవడం, ఇలా ఎన్నయినా ఉన్నాయి.

ఎంపికైన పిల్లల ఫొటోలతో ఫ్లెక్సీలు కట్టించకండి, శాలువాలు కప్పకండి. పేరు బయటికి పొక్కిన వారంలో కార్పొరేట్ బడుల ఏజెంట్లు ఇంటి ముందుంటారు. తరగతిలో ప్రతి ప్రశ్నకూ ‘నువ్వు చెప్పు’ అని ఆ పిల్లనే లేపితే తోటివాళ్లు దూరమవుతారు. మీరు ఈ పని అప్పగించే ఉపాధ్యాయుడు మహా పండితుడై ఉండనక్కర్లేదు. పిల్ల అడిగినదానికి ‘నాకూ తెల్వదు, చూద్దాం’ అని నవ్వుతూ అనగలిగితే చాలు. అహం దెబ్బతినే మనిషికి మాత్రం ఇవ్వకండి.

చట్టంలో దీనికి అడ్డేమీ లేదు, పైగా ఆధారం ఉంది. విద్యాహక్కు చట్టం 2009, సెక్షన్ 24(1)(డి) ప్రకారం ప్రతి పిల్ల అభ్యసన సామర్థ్యాన్ని అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన అందించడం ఉపాధ్యాయుడి విధి. ఆ సెక్షన్‌ను మనం ఇన్నాళ్లూ వెనకబడ్డవారికే అన్వయించుకున్నాం, ‘ప్రతి పిల్ల’ అన్న మాట అందరికీ వర్తిస్తుంది. జాతీయ విద్యా విధానం 2020 కూడా ప్రత్యేక ప్రతిభ గల పిల్లలకు అదనపు సామగ్రి, స్కూల్ కాంప్లెక్స్, జిల్లా స్థాయిల్లో గణిత, విజ్ఞాన బృందాలు ఉండాలంటోంది. ప్రధానోపాధ్యాయుడిని ఆపుతున్నది చట్టం కాదు, భయం. తనిఖీకి వచ్చిన అధికారి ఈ పిల్ల ఇక్కడెందుకుందని అడిగితే చూపడానికి కాగితం లేదు.

ఆ కాగితంలో ఉండాల్సిన మాటలు ఇవి. పై తరగతి పేపరు, దాని మార్కులు బడిలో భద్రపరిచి, తల్లిదండ్రుల సంతకంతో ఒక్క సబ్జెక్టుకు పై తరగతికి పంపవచ్చు. రికార్డుల్లో తరగతి మారదు. మార్కులు సొంత తరగతివే. ఆరు వారాలకోసారి సమీక్ష, పిల్ల వద్దంటే అదే రోజు వెనక్కి. పిల్ల వేరే బడికి వెళ్తే టీసీతో పాటు ఒక పేజీ నివేదిక వెళ్లాలి, లేకపోతే కొత్త బడిలో మళ్లీ మొదటికొస్తుంది. కాంప్లెక్స్‌కు ఒక సమన్వయకర్త, వారానికి నాలుగు పీరియడ్ల మినహాయింపు. శనివారాలకు 33,200 రూపాయలు.

ముసాయిదాను ఉత్తర్వు రూపంలో రాసి ఈ లేఖకు జతచేస్తున్నాం. చివరి పనిదినం ఏప్రిల్ 23. అంతకు రెండు వారాల ముందు పిల్లలకు పై తరగతి పుస్తకాలు ఇచ్చి, ఎస్‌ఏ-2 ముగిశాక పరీక్ష పెట్టి, జూన్ 12 నాటికి జత పీరియడ్ల టైంటేబుల్ గోడ మీదికి రావాలంటే ఉత్తర్వు మార్చి నెలాఖరుకు మండలాలకు చేరాలి. టైంటేబుల్ జతలు వేయడంలో ఇబ్బంది పడే బడులు తమ ఉపాధ్యాయుల జాబితా, తరగతుల సంఖ్య కాంప్లెక్స్ సమావేశానికి తెస్తే అక్కడే కూర్చుని వేసి ఇస్తాం.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్ జిల్లాలో ప్రభుత్వ బడుల్లో పనిచేస్తున్న కొందరు గణిత, విజ్ఞానశాస్త్ర ఉపాధ్యాయులు